వేగానికి నాలుగు తలుపులు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం హైవే మీద పోతుంటే ఔటర్ రింగ్ రోడ్డు ఎదురయ్యే చోటు తుక్కుగూడ. ఒక పక్క శంషాబాద్ విమానాశ్రయం, ఇంకో పక్క రావిర్యాల. రంగారెడ్డి జిల్లాలో ఈ ముక్కంతా ఇరవై ఏళ్ల కిందటి దాకా చేలూ బీళ్లే. ఇప్పుడు ఎనిమిది వరసల రోడ్డు మీద రాత్రీ పగలూ బండ్లు పరుగెడుతూనే ఉంటాయి. రింగ్ రోడ్డు మొత్తం పొడవు 158 కిలోమీటర్లు. దాని మీద గంటకు 120 కిలోమీటర్ల దాకా పోనిస్తారు. తుక్కుగూడలో ఎక్కి, ఎక్కడా ఆగకుండా ఆ వేగంతో చుట్టూ తిరిగి మళ్లీ తుక్కుగూడకే వస్తే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది.

1963లో ఇటలీలోని ట్యూరిన్ మోటార్ షోలో ఒక కారును జనం ముందుకు తెచ్చారు. చూడ్డానికి పొడుగాటి సెడాన్. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ముగ్గురు తోలు సీట్లలో కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. దాని గరిష్ఠ వేగం గంటకు 230 కిలోమీటర్లు. మన రింగ్ రోడ్డును అది ఒక చుట్టు చుట్టడానికి 41 నిమిషాలు చాలు. ఆ కారు మసెరాటి క్వాట్రోపోర్తే.

120 నుంచి 230 అంటే వేగం రెట్టింపు కూడా కాలేదు కదా, ఇంజను కూడా రెట్టింపు పెడితే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. ఎందుకు సరిపోదో తెలిస్తే ఈ కారును కట్టినవాళ్లు ఎంత పెద్ద సమస్యను నెత్తికెత్తుకున్నారో తెలుస్తుంది. అందుకని చరిత్ర కన్నా ముందు గాలి లెక్క చూద్దాం.

గాలి అడ్డం

బండి కదలాలంటే ముఖ్యంగా రెండు అడ్డంకులు దాటాలి. ఒకటి టైర్లకూ రోడ్డుకూ మధ్య దొర్లుడు నిరోధం. వేగం పెరిగినా ఇది పెద్దగా మారదు. రెండోది గాలి. బండి తన ముందున్న గాలిని పక్కలకు తోసుకుంటూ పోవాలి. వేగం రెట్టింపయితే ఒక్కో సెకనులో ఎదురయ్యే గాలి రెట్టింపవుతుంది, ఆ గాలిని తోయాల్సిన వేగమూ రెట్టింపవుతుంది. రెండూ కలిసి నిరోధ బలం నాలుగు రెట్లవుతుంది. ఆ నాలుగు రెట్ల బలాన్ని రెట్టింపు వేగంతో నెట్టాలి కాబట్టి ఇంజను ఇవ్వాల్సిన శక్తి ఎనిమిది రెట్లు. వేగానికి ఘనం అన్నమాట.

ఆ కాలపు పెద్ద సెడాన్లకు మామూలుగా ఉండే ఆకారాన్నీ వెడల్పునూ, 1,700 కిలోల బరువునూ తీసుకుని లెక్క వేస్తే 120 కిలోమీటర్ల వేగం నిలబెట్టడానికి 40 నుంచి 45 హార్స్‌పవర్ చాలు. 230కి మాత్రం సుమారు 250 కావాలి. క్వాట్రోపోర్తే ఇంజను 5,000 ఆర్‌పీఎం దగ్గర 260 హార్స్‌పవర్ ఇచ్చేది. కాగితం మీద మనం వేసుకున్న అంచనా, మసెరాటి ఇంజినీర్లు బానెట్ కింద పెట్టిన ఇంజను ఇంత దగ్గరగా వచ్చాయంటే ఆ కారులో దండగ శక్తి లేదని అర్థం.

ఇదే లెక్కను మనకు బాగా తెలిసిన ఇంకో ఇటలీ ఇంజనుకు పెట్టి చూడండి. ఒకప్పుడు తెలుగునాట డాక్టరు గారి ఇంటి ముందో, వకీలు గారి ఇంటి ముందో నిలబడి ఉండే ఫియట్ 1100, తరవాత ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న బండి. బొంబాయిలోని కుర్లా ఫ్యాక్టరీలో తయారైనా పుట్టుక ఇటలీదే. పద్మినిలో నాలుగు సిలిండర్లు, 1,089 సీసీ, 40 హార్స్‌పవర్. క్వాట్రోపోర్తేలో ఎనిమిది సిలిండర్లు, 4,136 సీసీ. అంటే ఒక్కో సిలిండరు 517 సీసీ. రెండు సిలిండర్లు కలిస్తే మన పద్మిని ఇంజను మొత్తానికి దాదాపు సమానం. ఒకే దేశం, ఇంచుమించు ఒకే కాలం. ఒకటి మధ్యతరగతి కుటుంబాన్ని తిరుపతికి చేర్చడానికి పుట్టింది, రెండోది రేసు ట్రాకు నుంచి వచ్చింది.

బొలోన్యా అన్నదమ్ములు

మసెరాటి అనేది ఇంటిపేరు. రైలు ఇంజను డ్రైవరు కొడుకులు. కార్లో, బిందో, అల్ఫియేరి, మారియో, ఎత్తోరె, ఎర్నెస్తో. మారియో తప్ప అందరూ యంత్రాల పిచ్చోళ్లే. అల్ఫియేరి 1914 డిసెంబరు 1న బొలోన్యా నగరంలో వర్క్‌షాపు తెరిచాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో స్పార్కు ప్లగ్గుల తయారీ కూడా చేపట్టాడు. తమ పేరుతో తొలి కారు టిపో 26ను 1926లో బయటకు తెచ్చారు. ఆ ఏడే సిసిలీ కొండదారుల్లో జరిగే తార్గా ఫ్లోరియో పోటీలో అల్ఫియేరి స్వయంగా నడిపి తన తరగతిలో మొదటి స్థానం తెచ్చుకున్నాడు. చిత్రకారుడైన మారియో, బొలోన్యా నడిబొడ్డున ఫౌంటెన్ మీద నిలబడ్డ సముద్రదేవుడు నెప్ట్యూన్ చేతిలోని త్రిశూలాన్ని చూసి కంపెనీ గుర్తు గీశాడు. నేటికీ మసెరాటి ముక్కు మీద ఉన్నది ఆ త్రిశూలమే.

1932లో అల్ఫియేరి చనిపోయాక కంపెనీ చిక్కుల్లో పడింది. 1937లో మొదెనాకు చెందిన ఆదోల్ఫో ఓర్సి దాన్ని కొన్నాడు. పాత ఇనుము వ్యాపారంతో మొదలై ఉక్కు పరిశ్రమ దాకా ఎదిగిన మనిషి. అన్నదమ్ములు పదేళ్ల ఒప్పందం మీద అక్కడే ఉద్యోగులుగా ఉండి, 1947లో బయటపడి బొలోన్యా తిరిగి వెళ్లి ఓస్కా పేరుతో సొంత కంపెనీ పెట్టుకున్నారు. మసెరాటి ఫ్యాక్టరీ మాత్రం మొదెనాకు తరలింది. చీరో మెనొత్తి వీధిలోని ఆ ఫ్యాక్టరీ ఇంకా అక్కడే ఉంది.

రేసుల్లో వాళ్ల ఘనత తక్కువేం కాదు. అమెరికాలో ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందేన్ని 1939లోనూ 1940లోనూ విల్బర్ షా మసెరాటి మీదే గెలిచాడు. అన్నిటి కన్నా గొప్పది మాత్రం 1957 ఆగస్టు 4 నాటి జర్మన్ గ్రాండ్ ప్రీ. నూర్‌బుర్గ్‌రింగ్‌లో ఒక్కో చుట్టు 22 కిలోమీటర్ల పైమాటే. 46 ఏళ్ల అర్జెంటీనా డ్రైవరు హువాన్ మాన్యుయెల్ ఫాంజియో తన మసెరాటి 250ఎఫ్‌కు పెట్రోలు పోయించుకుని టైర్లు మార్పించుకుని తిరిగి ట్రాకు మీదికి వచ్చేసరికి రెండు ఫెరారీల కన్నా ముప్పావు నిమిషానికి పైగా వెనకబడి ఉన్నాడు. చుట్టు చుట్టుకూ ట్రాకు రికార్డు బద్దలు కొట్టుకుంటూ, ఆఖరి చుట్టుకు ముందు చుట్టులో ఇద్దరినీ దాటేశాడు. ఐదోసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

అదే ఏడాది నవంబరులో వెనిజులా రాజధాని కరాకస్‌లో స్పోర్ట్స్ కార్ల ఛాంపియన్‌షిప్ ఆఖరి రేసు. అక్కడ మసెరాటి ఫ్యాక్టరీ జట్టు కార్లన్నీ ప్రమాదాల్లో చిక్కుకున్నాయి. ఓర్సిలకు అర్జెంటీనా నుంచి రావాల్సిన బాకీలు రాలేదు. కంపెనీ అధికారికంగా రేసుల నుంచి తప్పుకుంది. ఆ పైన 1958 నుంచి ఆ ఛాంపియన్‌షిప్‌లో ఇంజను మూడు లీటర్లు దాటకూడదని నిబంధన వచ్చింది. అప్పటిదాకా 450ఎస్ రేసు కారులో గర్జించిన నాలుగున్నర లీటర్ల వీ8 ఇంజనుకు ఇక పరుగెత్తే చోటే లేకుండా పోయింది. జూలియో అల్ఫియేరి అనే ఇంజినీరు ఎంతో శ్రమపడి తీర్చిన ఇంజను అది. స్థాపకుడు అల్ఫియేరి వేరు, ఈయన వేరు. సుమారు 400 హార్స్‌పవర్ ఇచ్చే ఆ యంత్రం మూలన పడింది.

దానికి రెండో జన్మ ఇరాన్ షా వల్ల వచ్చింది. ఎవరికీ లేని మసెరాటి కావాలని ఆయన అడిగితే ఐదు లీటర్ల వీ8తో 1959లో 5000 జీటీ తయారుచేశారు. రాజులూ కోటీశ్వరులూ మరికొందరు అలాంటివి చేయించుకున్నారు. ఆగా ఖాన్ కోసం ఒక 5000 జీటీకి పియెత్రో ఫ్రువా రూపం ఇచ్చాడు. ఆ రూపాన్నే సాగదీసి, తలుపులు నాలుగు చేసి, పైకప్పు కాస్త ఎత్తుగా పెట్టి ఫ్రువా గీసిన బొమ్మే క్వాట్రోపోర్తే. బాడీలు కట్టింది ట్యూరిన్‌లోని విన్యాలె వాళ్లు.

రేసు ఇంజనుకు మర్యాద నేర్పడం

రేసు కారు ఇంజనును తెచ్చి కుటుంబం కూర్చునే బండిలో పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. రేసు కారులో చప్పుడు గురించి ఎవరూ పట్టించుకోరు. ఇంజను కొన్ని గంటలు బతికితే చాలు, తరవాత విప్పి మళ్లీ బిగిస్తారు. ఇంట్లో వాడే కారు వేల కిలోమీటర్లు తిరగాలి. వెనక సీట్లో మాట వినబడాలి. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు వేడెక్కి ఆవిరి కక్కకూడదు.

450ఎస్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లను గేర్లు తిప్పేవి. గేరు పళ్లు ఒకదాన్నొకటి తాకే ప్రతిసారీ పుట్టే సన్నటి కీచు శబ్దం హెల్మెట్ పెట్టుకున్న డ్రైవరుకు లెక్కలేదు, వెనక కూర్చున్న పెద్దమనిషికి మాత్రం నరకం. క్వాట్రోపోర్తేలో ఆ గేర్ల స్థానంలో చైన్లు వచ్చాయి. రేసు ఇంజనులో ఆయిల్ విడిగా ట్యాంకులో ఉండి పంపులతో తిరిగేది. ఇక్కడ మామూలు కార్లలాగే ఇంజను అడుగున ఉండే చాంబరులోనే ఉంచారు. శక్తి 400 నుంచి 260కి దిగింది. ఇది నష్టంగా కనిపిస్తుంది కానీ, తక్కువ ఆర్‌పీఎంలోనే లాగే గుణం వచ్చింది. నగరంలో నడపాలంటే కావాల్సింది అదే.

ఆ ఇంజను లోపలికి ఒకసారి తొంగి చూద్దాం. ఇంజను 5,000 ఆర్‌పీఎంతో తిరుగుతోంది. ఒక సెకను కాలాన్ని ఆపి చూడగలిగితే ఆ సెకనులో ఎనిమిది సిలిండర్లలో కలిపి 333 సార్లు పెట్రోలు మండుతుంది. ఒక్కో పిస్టను 85 మిల్లీమీటర్లు పైకి పోయి, ఆగి, కిందికి దిగి, మళ్లీ ఆగి, నిమిషానికి పదివేలసార్లు దిక్కు మార్చుకుంటుంది. పై కొసన ఆగి వెనుదిరిగే క్షణంలో దాని త్వరణం భూమ్యాకర్షణకు వెయ్యి రెట్ల పైన ఉంటుంది. అంటే అరకిలో పిస్టను ఆ క్షణంలో కనెక్టింగ్ రాడ్డును అరటన్నుకు పైగా బలంతో గుంజుతుంది. రాడ్లు తెగి ఇంజను గోడ చీల్చుకుని బయటికి రావడమనేది రేసుల్లో అరుదేమీ కాదు, కారణం ఈ గుంజుడే. బోరు 88 మిల్లీమీటర్లు పెట్టి స్ట్రోకు 85కే పరిమితం చేయడంలో కిటుకు ఇక్కడుంది. స్ట్రోకు తగ్గితే పిస్టను ప్రయాణించే దూరం తగ్గుతుంది, గుంజుడూ తగ్గుతుంది. పైగా బోరు వెడల్పు కాబట్టి పెద్ద వాల్వులకు చోటు దొరుకుతుంది. పద్మినిలో ఇది తిరగబడి ఉంటుంది. బోరు 68, స్ట్రోకు 75. నిదానంగా లాగే ఇంజనుకు అది సరిపోతుంది.

సిలిండరు హెడ్డులో మండే గదిని అర్ధగోళంగా చెక్కారు. తక్కువ ఉపరితలంతో ఎక్కువ ఘనపరిమాణాన్ని చుట్టగలిగేది గోళం. గోడలు తక్కువైతే గోడల్లోకి పోయే వేడి తక్కువ, పిస్టనును నెట్టడానికి మిగిలే వేడి ఎక్కువ. ఆ గుమ్మటానికి ఒక పక్క గాలి వచ్చే వాల్వు, ఎదురు పక్క పొగ పోయే వాల్వు ఏటవాలుగా ఉంటాయి. ఇంత వాలుగా ఉన్న రెండు వరసల వాల్వులను ఒకే క్యామ్‌షాఫ్ట్‌తో తెరవడం కష్టం కాబట్టి ఒక్కో హెడ్డుకు రెండేసి చొప్పున మొత్తం నాలుగు క్యామ్‌షాఫ్ట్‌లు పెట్టారు. 1963లో నాలుగు తలుపుల కారులో నాలుగు ఓవర్‌హెడ్ క్యామ్‌ల వీ8 అంటే ఆశ్చర్యం. ఆనాటి అమెరికన్ వీ8లు ఇంతకన్నా చాలా పెద్దవి, కానీ వాల్వులను తెరవడానికి అవి పుష్‌రాడ్లనే నమ్ముకున్నాయి.

ఊపిరి సంగతి. పూర్తి వేగంలో ఈ ఇంజను సెకనుకు సుమారు 150 లీటర్ల గాలి పీలుస్తుంది. దానికోసం నాలుగు వెబర్ కార్బురేటర్లు. ఒక్కోదానికి రెండేసి గొట్టాలు, అంటే సిలిండరుకు ఒక గొట్టం. గాలి ఇరుకు గొంతులోంచి దూసుకెళ్లేటప్పుడు వేగం పెరిగి పీడనం పడిపోతుంది. ఆ తగ్గిన పీడనం పెట్రోలును పైకి లాగి తుంపర చేస్తుంది. వెబర్ కంపెనీ కూడా బొలోన్యాదే, ఎదొవార్దో వెబర్ 1923లో పెట్టాడు. నాలుగు కార్బురేటర్లూ సమానంగా పీల్చేట్టు ట్యూన్ చేయడం చెవితో చేసే పని. గాలి పీల్చే శబ్దంలో తేడాను పట్టి స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేసేవాళ్లు. మన మెకానిక్కుల్లో ఫియట్ కార్బురేటరును అలా విని సెట్ చేసిన మేస్త్రీలు ఉండేవారు. ఆ చెవులు ఇప్పుడు కరువయ్యాయి.

ఇంజను దిమ్మ, హెడ్లు అల్యూమినియం. ఇనుముతో పోలిస్తే బరువు మూడో వంతుకు కాస్త పైన. కానీ వేడికి ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పిస్టను రింగుల రాపిడికి త్వరగా అరుగుతుంది. అందుకే లోపల ఇనుప లైనర్లు దిగేశారు. అరిగితే లైనరు మార్చుకోవచ్చు. రెండు లోహాలు వేడెక్కినప్పుడు వేర్వేరుగా పెరిగినా మధ్యలో నీళ్లు కారకుండా సీళ్లు పట్టి ఉంచాలి. విలాసం అంటే తోలు, చెక్క అనుకునేవాళ్లకు నేను ముందుగా చూపించేది ఈ సీళ్లనే. కనబడని చోట ఇంత జాగ్రత్త తీసుకున్నారు కాబట్టే వెనక సీట్లో మనిషి నిశ్చింతగా పేపరు చదువుకోగలిగాడు.

ఎనిమిది సిలిండర్లు ఎందుకన్నదానికీ జవాబు ఆ నిశ్చింతే. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా ప్రతి సిలిండరూ ఒకసారి మండాలి. నాలుగు సిలిండర్లయితే అరచుట్టుకొక తోపు. ఎనిమిదయితే పావుచుట్టుకొక తోపు. ఒక తోపు సద్దుమణిగేలోపే ఇంకోటి అందుకుంటుంది. స్టీరింగు మీద చేతికి కుదుపు తెలియదు.

వెనక ఇరుసు కథ

ఈ కారు విషయంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది వెనక ఇరుసు. ఎందుకంటే మంచి ఆలోచన ఒకటి మార్కెట్టులో ఓడిపోయిన కథ ఇది.

హైవే దిగి ఊళ్లోకి పోయే దారిలో స్పీడు బ్రేకరు వచ్చిందనుకోండి. చక్రం పైకి లేస్తుంది. చక్రంతోపాటు దానికి బిగించి ఉన్నదంతా లేస్తుంది. స్ప్రింగుకు కిందివైపున ఉండే ఈ బరువు ఎంత ఎక్కువయితే బండిని అంత గట్టిగా కుదుపుతుంది, చక్రం మళ్లీ రోడ్డును తాకడానికి అంత ఆలస్యమవుతుంది. మామూలు వెనక ఇరుసులో రెండు చక్రాలనూ కలిపే ఇనుప గొట్టం మధ్యలో, ఇంజను శక్తిని చక్రాలకు పంచే డిఫరెన్షియల్ గుండు ఉంటుంది. అంతా కలిసి వంద కిలోల దాకా ఉంటుంది. ఒక చక్రం గుంతలో పడితే అదంతా ఎగిరిపడాలి.

దీనికి ఫ్రాన్స్‌లో 19వ శతాబ్దం చివర్లోనే ఒక ఉపాయం కనిపెట్టారు. ద దియోఁ అనే ప్రభువు పేరుతో అది ప్రసిద్ధి. డిఫరెన్షియల్‌ను ఇరుసు నుంచి ఊడదీసి బండి చట్రానికి బిగించేస్తారు. అక్కడి నుంచి కీళ్లున్న షాఫ్టులు చక్రాలను తిప్పుతాయి. చక్రాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా నిలవడానికి మాత్రం ఒక తేలికపాటి గొట్టం వాటిని కలుపుతుంది. బరువైన గుండు స్ప్రింగుకు పైకి వెళ్లిపోయింది కాబట్టి కుదుపు తగ్గింది. చక్రాలు నిటారుగానే ఉంటాయి కాబట్టి టైరు పూర్తి వెడల్పుతో రోడ్డును పట్టుకుంటుంది. 450ఎస్ రేసు కారులో ఉన్నదీ ఈ ఏర్పాటే. మొదటి క్వాట్రోపోర్తేలో కాయిల్ స్ప్రింగులతో దీన్నే పెట్టారు.

1966లో తీసేశారు. దాని స్థానంలో పాతకాలపు గట్టి ఇరుసు, మన లారీల వెనక కనబడే కమాను పట్టీలు వచ్చాయి. ఖరీదైన కారు ముందుకు పోవాల్సింది పోయి వెనక్కి ఎందుకు నడిచింది? డిఫరెన్షియల్‌ను చట్రానికి బిగించగానే దాని గేర్ల రొద నేరుగా బాడీలోకి పాకుతుంది. రేసు కారులో దీన్ని లెక్కచేయరు. సెడాన్‌లో అది రబ్బరు బుష్షుల కొలత దగ్గర నుంచి మొత్తం కొత్తగా ఆలోచించాల్సిన సమస్య. భాగాలెక్కువ, కీళ్లెక్కువ, ఖర్చెక్కువ. గట్టి ఇరుసును ప్రతి ఊరి మెకానిక్కూ విప్పగలడు. నా తీర్పు ఏమిటంటే ద దియోఁ ఇరుసు సిద్ధాంతరీత్యా సరైనది, దాన్ని నిశ్శబ్దంగా చేసే పని మాత్రం మొదెనాలో సగంలో ఆగిపోయింది. ఆ పని పూర్తిచేయడానికి కావలసినన్ని కార్లు వాళ్లు అమ్మలేదు, అంత డబ్బూ వాళ్ల దగ్గర లేదు. 1969 దాకా కట్టిన మొదటి తరం క్వాట్రోపోర్తేలన్నీ కలిపినా 800కు లోపే.

ఆపడం గురించి కూడా చెప్పాలి. 1,700 కిలోల బండి 230 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని గతిజశక్తి దాదాపు 35 లక్షల జౌళ్లు. బ్రేకు తొక్కితే అదంతా డిస్కుల్లో వేడిగా మారాలి. ఎండాకాలంలో బిందెలో ఉన్న సుమారు 12 లీటర్ల నీళ్లను మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది, కొద్ది సెకన్లలో పుట్టాలి. అందుకే నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు పెట్టారు. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. పద్మినిలో ఉన్నవి డ్రమ్ములు. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి బ్రేకు షూలకు దూరం జరుగుతుంది, పెడలు ఇంకా లోపలికి పోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఫియట్ డ్రైవర్లు రెండో గేరులో వేసి మెల్లగా వచ్చేది ఇందుకే.

తరవాతి చరిత్ర తొందరగా ముగించవచ్చు. 1968లో ఫ్రాన్స్ కంపెనీ సిట్రోయెన్ మసెరాటిని చేతిలోకి తీసుకుంది. రెండో తరం క్వాట్రోపోర్తేను సిట్రోయెన్ పద్ధతిలో ముందు చక్రాలు తిప్పేలా 1974లో చూపించారు. అప్పటికే చమురు సంక్షోభం వచ్చిపడింది, పట్టుమని పదిహేను కూడా తయారు కాలేదు. 1975లో సిట్రోయెన్ వదిలించుకుంటే, ఇటలీ ప్రభుత్వ సంస్థ సాయంతో అలెహాంద్రో ద తొమాసో నిలబెట్టాడు. జియుజారో గీసిన మూడో తరం 1979లో వచ్చింది, దేశాధ్యక్షుడు సాండ్రో పెర్తిని అందులో తిరిగాడు. 1993లో ఫియట్ చేతికి పోయింది.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున త్రిశూలం

2023 ఫిబ్రవరి 11న త్రిశూలం గుర్తున్న కార్లు హైదరాబాద్‌లో రేసు చేశాయి. భారతదేశంలో జరిగిన మొట్టమొదటి ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) పోటీ అది. హుస్సేన్‌సాగర్ పక్కన, ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం చుట్టూ 2.83 కిలోమీటర్ల ట్రాకు, 18 మలుపులు. మాక్సిమిలియన్ గుంథర్, ఎదొవార్దో మొర్తారా మసెరాటి డ్రైవర్లు. గెలిచింది మాత్రం డీఎస్ పెన్‌స్కె కారు నడిపిన ఫ్రెంచి డ్రైవరు ఝాఁ ఎరిక్ వెర్న్. ఆరు దశాబ్దాల తరవాత మసెరాటి మళ్లీ సింగిల్ సీటరు రేసుల్లోకి వచ్చిన సీజన్ ఇదే. మన వీధుల్లో దాన్ని చూసినవాళ్లకు చెవులు పగిలే మోత వినిపించలేదు, సన్నటి ఈల వినిపించింది.

ఆ కారులో కార్బురేటర్లూ క్యామ్‌షాఫ్ట్‌లూ లేవు. డ్రైవరుతో కలిపి బరువు 840 కిలోలు, గరిష్ఠంగా 350 కిలోవాట్లు, అంటే 475 హార్స్‌పవర్. పాత క్వాట్రోపోర్తే పూర్తి వేగంలో పరుగెడితే పెట్రోలులోని శక్తిలో నాలుగో వంతు చక్రాలకు చేరేది, మిగిలిందంతా రేడియేటరు లోంచీ సైలెన్సరు లోంచీ వేడిగా పోయేది. ఆ వేగంతో మన రింగ్ రోడ్డును ఒక్క చుట్టు చుడితే 60 లీటర్ల దాకా ఖర్చవుతుంది. విద్యుత్ మోటారు తనకిచ్చిన శక్తిలో 95 శాతానికి పైగా చక్రాలకు అందిస్తుంది.

ఇంకా పెద్ద తేడా ఆగేటప్పుడు కనిపిస్తుంది. డిస్కుల్లో వేడిగా పోయిన 35 లక్షల జౌళ్ల సంగతి చెప్పుకున్నాం కదా. ఫార్ములా ఈ మూడో తరం కారు ఆ శక్తిని పారేయదు. యాక్సిలరేటరు వదిలి బ్రేకు తొక్కగానే మోటార్లు జనరేటర్లవుతాయి. చక్రాలు వాటిని తిప్పడానికి శ్రమపడి నెమ్మదిస్తాయి, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది. ముందు 250, వెనక 350 కలిపి 600 కిలోవాట్ల దాకా ఇలా రాబట్టగలదు. అందుకే ఆ కారు వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే పెట్టలేదు. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా తిరిగి వచ్చిందే. ఎన్టీఆర్ మార్గ్‌లో తిన్నగా దూసుకొచ్చి మలుపు దగ్గర తగ్గిన ప్రతిసారీ ఆ కారు తన తరవాతి పరుగుకు కావాల్సిన దాంట్లో కొంత సంపాదించుకుంది. గాలి నిరోధానికి వర్తించే ఘన సూత్రం మాత్రం దీనికీ తప్పదు. పెట్రోలైనా కరెంటైనా గాలికి తేడా తెలియదు.

అదే ఏడాది జూన్ 4న జకార్తాలో గుంథర్ గెలిచాడు. 1957లో నూర్‌బుర్గ్‌రింగ్‌లో ఫాంజియో గెలిచిన తరవాత సింగిల్ సీటరు ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసులో మసెరాటికి అదే మొదటి విజయం. హైదరాబాద్‌లో రెండో ఏడాది రేసు జరగదని 2024 జనవరిలో ప్రకటించారు. 2025-26 సీజనుకు ఆ జట్టు మీద మసెరాటి పేరు పోయి సిట్రోయెన్ పేరు వచ్చింది.

క్వాట్రోపోర్తేను విప్పి చూసే అవకాశం మనకు దొరకదు, నిజమే. దాని దూరపు చుట్టం లాంటి ఫియట్ ఇంజన్లు మాత్రం మన షెడ్లలో, తుక్కు కుప్పల్లో ఇంకా మిగిలున్నాయి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇన్ని ఇంజినీరింగు కాలేజీలున్నాయి. ఆ కాలేజీల అధ్యాపకులకు నా విన్నపం: కరిగించడానికి పోతున్న పద్మిని ఇంజనొకటి కొని, వర్క్‌షాపు బల్ల మీద పెట్టి, నిలువునా కోయించండి. పిస్టను, వాల్వు, కార్బురేటరు గొంతు పిల్లలు వేలితో తాకి చూడనివ్వండి. పక్కనే పాత ఎలక్ట్రిక్ స్కూటరు మోటారు ఒకటి విప్పి పెట్టండి. ఆ ఇంజన్లను చెవితో సరిచేసిన మేస్త్రీలు ఉన్నప్పుడే వాళ్లను పిలిపించి, ఒక పూట పాఠం చెప్పించండి.